గోక్కోని తల

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

గుర్రాల ఫారమ్ చూసొచ్చాక మీరడిగిన ప్రశ్న నన్ను వదలడం లేదు. "ఆ మగ గుర్రం నిగనిగలాడుతోంది, మేత బాగా తింటోంది. మరి డాక్టర్ దానికి దూది పుల్లతో పరీక్ష ఎందుకు చేశాడు తాతయ్యా?"

నా చిన్నప్పుడు మా ఇంట్లో పేలు పడ్డాయి. అమ్మ ఎండలో తెల్లగుడ్డ పరిచి, మా అక్కల తలలు వంచి పేల దువ్వెనతో బరబరా దువ్వేది. నల్లచుక్కలు గుడ్డ మీద రాలి పాకేవి. హమ్మయ్య అనుకునేలోగా మళ్లీ పేలే! నా తల మాత్రం ఎవరూ చూడలేదు, నేనెప్పుడూ గోక్కోలేదుగా. చివరికి అమ్మకి అనుమానమొచ్చింది. నేను మంచం కింద దూరాను, లాభం లేకపోయింది. ఇంటిల్లిపాదికీ సరఫరా నా తలలోంచే! పైగా అందరి దువ్వెనలూ వాడేవాణ్ణి.

మగ గుర్రాల్లోనూ నాలాంటివి ఉంటాయి, పైకి ఏమీ తెలియకుండా జబ్బు మోసేవి. ఆ జబ్బు పేరు కంటేజియస్ ఈక్వైన్ మెట్రైటిస్, అంటే గుర్రాల్లో అంటుకునే గర్భసంచి వాపు. 1977లో ఇంగ్లండ్‌లోని న్యూమార్కెట్‌లో దీన్ని మొదటిసారి గుర్తించారు. టేలొరెల్లా ఈక్విజెనిటాలిస్ అనే బ్యాక్టీరియా మగ గుర్రం జననాంగం మీది చర్మపు ముడతల్లో కాపురం పెడుతుంది. గుర్రానికి జ్వరం రాదు, నొప్పి ఉండదు. జతకట్టినప్పుడు మాత్రం ఆడ గుర్రానికి అంటుకుంటుంది. దాని గర్భసంచి వాస్తుంది, చూలు నిలవదు. గుర్రం 11 నెలలు మోస్తుంది, జతకట్టే సీజన్ తప్పితే ఏడాది పోయినట్టే. పైకి బాగున్నట్టే కనిపిస్తూ ఈ బ్యాక్టీరియాని నెలల తరబడి మోసే ఆడ గుర్రాలూ ఉన్నాయి. ఇక్కడ దువ్వెనలూ ఉన్నాయండోయ్: గుర్రాన్ని కడిగే స్పాంజి, మార్చని గ్లవ్స్.

అందుకే సీజన్ మొదలయ్యేముందే దూది పుల్లతో ఆ ముడతల్లో తుడుస్తారు, ఒక్కచోట కాదు, మూడు నాలుగు చోట్ల. ఒక్కసారి చేసి ఊరుకోరు కూడా. బ్యాక్టీరియా దొరికితే మందు నీళ్లతో రోజూ కడిగి, లేపనం రాసి, మళ్లీ పరీక్షిస్తారు. కడిగితే పోయేదానికి సిగ్గెందుకు చెప్పండి? మంచం కింద దూరడమే తప్పు. అది నాకు అమ్మ చెప్పింది, చెవి మెలిపెట్టి మరీ.

పేలైతే గుడ్డ మీద పాకుతూ కనిపిస్తాయి. ఇదలా కాదు. పుల్లకి అంటినదాన్ని ల్యాబ్‌లో వెచ్చగా పెట్టి, కనీసం 7 రోజులు కాచుకు కూర్చోవాలి. అప్పటికి గుండుసూది తలంత బూడిదరంగు చుక్కలు పైకి తేలితే తేలినట్టు. అంత చిన్న చుక్క ఎన్ని గుర్రపుపిల్లల్ని పుట్టకుండా ఆపగలదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఈసారి వెళ్లినప్పుడు డాక్టర్ని అడిగి, పుల్ల వేసే గొట్టంలోకి చూడండి. అడుగున నల్లగా ఉండేది బొగ్గుపొడి కలిపిన జెల్లీ. ల్యాబ్ చేరేదాకా బ్యాక్టీరియాని బతికించేది అదే. ముట్టుకోకండి, చూడండి చాలు.

మీ తాతయ్య