ముల్లు పడేదాకా ఆగొద్దు: చిన్న విమానాల ఇంజన్ ఆయిల్ గురించి

కర్నూలు

చిరంజీవులు పిల్లలందరికీ ఆశీస్సులు.

ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు చూసొచ్చి మీరు రాసిన ఉత్తరం అందింది. "పైన ఎగురుతున్నప్పుడు ఇంజన్లో ఆయిల్ అయిపోతే పైలట్‌కి ఎట్లా తెలుస్తుంది తాతా?" అని అడిగారు. ఉద్యోగమంతా ఇంజన్ల దగ్గరే గడిపినవాణ్ని, దీనికి రెండు ముక్కల్లో జవాబు చెప్పి వదిలేయలేను. కాస్త ఓపికగా చదవండి.

2021 మార్చిలో మొదలైన ఆ ఎయిర్‌పోర్టులో మీరు చూసిన ప్రయాణికుల విమానాలవి టర్బైన్ ఇంజన్లు. వాటి లెక్క వేరు. నేను చెప్పేది పైలట్ శిక్షణలో వాడే సెస్నా 172 లాంటి చిన్న విమానాల సంగతి. వీటిలో ఉండేది పిస్టన్ ఇంజనే గానీ, చల్లబరచడానికి రేడియేటరూ నీళ్లూ ఉండవు. బయటి గాలే దిక్కు. అందుకని ఆయిల్ మీద భారం ఎక్కువ. తిరిగే భాగాలు ఒకదానికొకటి రాసుకోకుండా మధ్యలో పొరగా నిలవాలి, లోపలి వేడిని మోసుకొచ్చి ఆయిల్ కూలర్లో వదిలేయాలి.

పైలట్ ముందు ఆయిల్‌కి సంబంధించి రెండు గేజ్‌లుంటాయి. ఒకటి ప్రెషర్, ఒకటి వేడి. ఆయిల్ ఎంత మిగిలిందో చెప్పే గేజ్ మాత్రం ఇలాంటి విమానాల్లో మామూలుగా ఉండదు. చాలామంది ప్రెషర్ ముల్లు బాగుంటే ఆయిల్ కూడా నిండుగా ఉన్నట్టే అనుకుంటారు. అది తప్పు. అనంతపురం వైపు బోరుబావులు చూశారు కదా. లోపల నీళ్లు దిగిపోతున్నా పైపు నిండుగానే పోస్తూ ఉంటుంది. నీటిమట్టం మోటారు దాకా దిగాకే గాలి పట్టి, ఆగి ఆగి కక్కుతుంది. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, అంటే సంప్‌లో, ఉన్న ఆయిల్‌ని పంప్ లాగడం కూడా అంతే. సగం పోయినా ప్రెషర్ మామూలుగానే కనిపించవచ్చు. ముల్లు ఊగడం మొదలైందంటే పంప్ ఆయిల్‌తో పాటు గాలిని కూడా లాగుతోందేమోనని అనుమానించాలి. అప్పటికి చేతిలో ఉండే సమయం చాలా తక్కువ.

అందుకే ఎగిరే ముందు ప్రతిసారీ డిప్‌స్టిక్, అంటే ఆయిల్ మట్టం కొలిచే గీతల పుల్ల, తీసి కళ్లతో చూడాలి. సెస్నా 172ఎస్ ఇంజన్ సంప్‌లో 8 క్వార్టులు పడుతుంది. ఒక క్వార్టు అంటే లీటరుకు కొంచెం తక్కువ. 5 క్వార్టుల కంటే తక్కువుంటే ఎగరకూడదని దాని మాన్యువల్ చెబుతుంది. మోడల్ మారితే ఈ లెక్కలూ మారతాయి. కొలిచేటప్పుడు విమానం సమతలంగా నిలబడి ఉండాలి. ఇంజన్ ఆపిన వెంటనే చూస్తే ఆయిల్ ఇంకా పైభాగాల్లోనే ఉంటుంది కాబట్టి మట్టం తక్కువ చూపిస్తుంది. కాసేపు ఆగి, డిప్‌స్టిక్ తుడిచి, మళ్లీ ముంచి చూడాలి. తక్కువుంది కదా అని తొందరపడి పోసేస్తే, ఎక్కువైన ఆయిల్ ఇంజన్ లోపలి ఆవిరిని బయటికి వదిలే బ్రీదర్ పైపు గుండా బయటికొచ్చి విమానం పొట్టకు పూసుకుంటుంది. దాన్ని చూసి లీకేజీ అని కంగారుపడేవాళ్లూ ఉన్నారు.

పోసిన ప్రతిసారీ ఎంత పోశారో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోవాలి. నా దృష్టిలో ఈ పుస్తకం గేజ్ కంటే విలువైనది. 172ఎస్‌లో ఉండే 180 హార్స్‌పవర్ లైకమింగ్ కంపెనీ ఇంజన్‌కి గంటకు అర క్వార్టు పైచిలుకు దాకా ఖర్చు కావచ్చని కంపెనీ లెక్క. బాగున్న ఇంజన్ అంతకంటే చాలా తక్కువే తాగుతుంది. అయితే ఆ హద్దు దాటిందా లేదా అన్నది ఒక్కటే చూస్తే చాలదు. మొన్నటిదాకా కొంచెమే తాగిన ఇంజన్ ఒక్కసారిగా ఎక్కువ తాగుతోందంటే ఎక్కడో కారుతోంది, లేదా పిస్టన్ రింగులు అరిగి లోపల కాలిపోతోంది.

ఇక ప్రెషర్. ఇంజన్ స్టార్ట్ చేశాక 30 సెకన్లలోపు ముల్లు లేవకపోతే వెంటనే ఆపేయాలి. మరీ చలి ప్రదేశాల్లో ఇంకొంచెం ఆగనిస్తారు గానీ మన కర్నూలులో ఆ మాటే లేదు. 172ఎస్ గేజ్‌లో 50 నుంచి 90 పీఎస్ఐ (ప్రెషర్ కొలిచే లెక్క) దాకా ఆకుపచ్చ గీత ఉంటుంది, ముల్లు మామూలుగా అందులో ఉండాలి. ఐడిల్‌లో, అంటే ఇంజన్ అతి నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు కూడా, 20 కంటే కిందికి పడకూడదు. మే నెలలో మధ్యాహ్నం, ఎండకు రన్‌వే కాలిపోతున్నప్పుడు, విమానాన్ని చాలాసేపు ఐడిల్‌లో నిలబెడితే ఆయిల్ వేడెక్కి పలచబడుతుంది, ముల్లు కిందికి దిగుతుంది. అప్పుడు ముక్కును గాలికి ఎదురుగా తిప్పి నిలబెడితే కొంత మేలు. ఈ ఎండలకు సరిపడే గ్రేడ్ (చిక్కదనం) ఆయిల్ ఉందో లేదో కూడా చూసుకోవాలి. కారు ఆయిల్ మాత్రం ఎంత ఖరీదైనదైనా ఈ ఇంజన్లో పోయకూడదు.

గాల్లో ఉండగా ప్రెషర్ పడితే చూపు వెంటనే పక్కనున్న వేడి గేజ్ మీదికి పోవాలి. ప్రెషర్ పడుతూ వేడి పెరుగుతుంటే ఇంజన్ ఎక్కువసేపు నిలవదని అర్థం. పవర్ తగ్గించి, దిగడానికి అనువైన చోటు అప్పుడే చూసుకోవాలి. ప్రెషర్ పడినా వేడి మామూలుగా ఉంటే గేజ్‌దో, ప్రెషర్‌ని హద్దులో ఉంచే రిలీఫ్ వాల్వ్‌దో తప్పు కావచ్చు. అప్పుడు కూడా దగ్గరి ఎయిర్‌పోర్టులో దిగాల్సిందే. "గేజ్ ఏదో చెడిపోయి ఉంటుందిలే" అని ప్రయాణం సాగించే పైలట్‌ని నేను ఒప్పుకోను.

కిందికి దిగాక మెకానిక్ పని మొదలు. ముందు ఆయిల్ మట్టం చూడాలి, తర్వాత గ్రేడ్. ఆపైన సరిచూసిన వేరే గేజ్ తగిలించి, మొదటిది నిజం చెబుతోందా లేదా తేల్చుకోవాలి. అప్పుడు రిలీఫ్ వాల్వ్. ప్రెషర్ హద్దు దాటితే ఇది తెరుచుకుని ఎక్కువైన ఆయిల్‌ని సంప్‌లోకి వదిలేస్తుంది. వాల్వ్ కూర్చునే చోట చిన్న నలుసు ఇరుక్కున్నా పూర్తిగా మూసుకోదు, ప్రెషర్ కారిపోతుంది. మూసుకుని పట్టేస్తే దీనికి విరుద్ధంగా ప్రెషర్ పెరిగిపోతుంది. పంప్‌కి ముందుండే జల్లెడ కూడా విప్పి చూడాలి.

ఫిల్టర్‌ని కోసి, లోపలి మడతలు విప్పి, పట్టింది కడిగి వెలుతురులో చూడాలి. మెరిసే రజను కనిపిస్తే అయస్కాంతం పెట్టాలి. అంటుకుంటే ఇనుము, ఉక్కు జాతి. అంటుకోకపోతే పిస్టన్ల అల్యూమినియమో, బుష్‌ల కంచో కావచ్చు. ఇంజన్ లోపల ఏది అరుగుతోందో విప్పకముందే ఇక్కడ జాడ దొరుకుతుంది.

కొన్ని ఇంజన్ల రిలీఫ్ వాల్వ్‌కి ప్రెషర్ సర్దే స్క్రూ ఉంటుంది. కారణం వెతక్కుండా దాన్ని తిప్పి ముల్లును ఆకుపచ్చలోకి తెచ్చేవాళ్లున్నారు. అరిగిన బేరింగ్ అరిగినట్టే ఉంటుంది, దాన్ని పైలట్‌కి కనపడకుండా చేస్తారంతే. మీలో ఎవరైనా ఈ పనిలోకి వస్తే, మిగతావన్నీ చూశాకే, మాన్యువల్ ఒప్పుకున్నంత మేరకే ఆ స్క్రూ ముట్టుకోండి.

చిన్నోడు రోటాక్స్ కంపెనీ చేసే చిన్న విమానాల ఇంజన్ గురించి విడిగా అడిగాడు. ఆ 912 ఇంజన్‌లో ఆయిల్ వేరే ట్యాంకులో ఉంటుంది. ఇగ్నిషన్ ఆపి ఉందని చూసుకున్నాక, ప్రొపెల్లర్‌ని అది తిరిగే దిక్కుకే చేత్తో నెమ్మదిగా తిప్పుతూ, ట్యాంకులోంచి గుడగుడమని చప్పుడు వచ్చాకే మట్టం చూడాలి. వెనక్కి తిప్పితే ఆయిల్ వ్యవస్థలోకి గాలి చేరుతుంది. మొదటిసారి పక్కన పెద్దవాళ్లు లేకుండా ప్రొపెల్లర్ మీద చెయ్యి వేయొద్దు.

మీ తాత