పాత గర్డర్ బ్రిడ్జి: అపోహలు - వాస్తవాలు

అపోహ: వందేళ్ల బ్రిడ్జి, ఇవాళో రేపో కూలుతుంది.

రాజమండ్రిలో గోదావరి మీది హేవలాక్ రైలు బ్రిడ్జిని 1900లో రైళ్లకు తెరిచారు. ఒక్కోటి 45.72 మీటర్ల చొప్పున 56 స్పాన్లు (రెండు స్తంభాల మధ్య భాగాలు). 1997 దాకా దాని మీద రైళ్లు నడిచాయి. ఉక్కుకు వయసు ఒక్కటే లెక్క కాదు. ఎంత బరువు ఎన్నిసార్లు మోసింది, ఎక్కడ తుప్పు తిన్నది, ఇవీ బ్రిడ్జిలు తనిఖీ చేసే మేం చూసేవి. ఉక్కు పలకలను కలిపి బిగించే రివెట్‌కు ఒకవైపు వేలు ఆనించి, చిన్న సుత్తితో కొడతాం. వదులైతే వేలికి తెలిసిపోతుంది. ఇన్నేళ్ల తనిఖీల్లో నేను బాగా నమ్మిన పరీక్ష ఇదే.

అపోహ: దడదడ శబ్దం వస్తోందంటే ప్రమాదమే.

మామూలు పట్టాల కింద కంకర శబ్దాన్ని తగ్గిస్తుంది. ఈ బ్రిడ్జిల మీద కంకర ఉండదు, పట్టాల కింద అడ్డంగా వేసే స్లీపర్లు నేరుగా గర్డర్ (స్తంభాల మీద ఆనే ఉక్కు దూలం) మీదే ఉంటాయి. బరువుకు గర్డర్ కాస్త వంగి, బండి దాటగానే లేస్తుంది. లేవకపోతేనే మాకు టెన్షన్.

అపోహ: గర్డర్‌ను రెండు చివర్లా కదలకుండా బిగిస్తారు.

ఒక చివరే స్థిరం, రెండోది రోలర్ల మీద ఉంటుంది. వేడి 30 డిగ్రీలు పెరిగితే హేవలాక్ స్పాన్ అంత గర్డర్ దాదాపు 16 మిల్లీమీటర్లు సాగుతుంది. రోలర్లు మట్టితో పట్టేస్తే ఆ తోపు స్తంభం తల మీద పడి రాయి చిట్లుతుంది. అందుకే గ్రీజు.

అపోహ: చిన్న ఏటి మీద బ్రిడ్జికి భయమేముంది?

అన్నిటికన్నా నన్ను బాధపెట్టే మాట ఇది. వరదనీరు స్తంభం చుట్టూ సుడి తిరిగి అడుగున ఇసుకను తోడేస్తుంది. వరద తీశాక గుంత మళ్లీ పూడిపోతుంది, పైకి ఏమీ జరగనట్టే ఉంటుంది. అందుకే వరదలోనే తాడుకు బరువు కట్టి లోతు కొలవాలి. 1956 నవంబరులో తమిళనాడులోని అరియలూరు దగ్గర మరుదయ్యారు అనే ఏరు పొంగి బ్రిడ్జి దెబ్బతిన్నది, రైలు ఏట్లో పడింది. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా చేశారు. 2005 అక్టోబరు 29న మన వలిగొండ దగ్గర చెరువు తెగి చిన్న బ్రిడ్జి కొట్టుకుపోయింది. డెల్టా ప్యాసింజర్ రైల్లో వందమందికి పైగా చనిపోయారు. అక్కడ పారేది గోదావరి కాదు.

స్తంభం మీద గీసిన ప్రమాద గీతను నీరు తాకిందా అని వానాకాలంలో కాపలాదారు చూస్తూ ఉంటాడు. కానీ ఎగువన చెరువు కట్ట తెగిన సంగతి ముందు తెలిసేది ఊరివాళ్లకే. తెలిసిన వెంటనే దగ్గర స్టేషన్ మాస్టర్‌కు చెప్పండి, లేదా 139కి ఫోన్ చేయండి.