కామెర్లు, హెచ్ఐవీ: అపోహలు - వాస్తవాలు

కర్నూలులో హెచ్ఐవీ, హెపటైటిస్ (కాలేయాన్ని దెబ్బతీసే) వైరస్‌ల మీద పరిశోధన చేస్తున్నాను. ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ వైపు నుంచి వచ్చేవాళ్ళతో మాట్లాడుతుంటే కొన్ని నమ్మకాలు పదేపదే వినిపిస్తాయి. వాటిలో ప్రాణం మీదికి తెచ్చేవాటి గురించే రాస్తున్నాను.

అపోహ: పసరు తాగితే కామెర్లు పోతాయి.

కలుషితమైన నీళ్ళతో వచ్చే హెపటైటిస్ ఏ, ఈ రకాలు చాలామందిలో కొన్ని వారాలకు వాటంతట అవే తగ్గుతాయి. ఆ వారాల్లో పసరు తాగి ఉంటే పేరు పసరుకు వస్తుంది. (గర్భిణులకు మాత్రం హెపటైటిస్ ఈ ప్రాణాంతకం కావచ్చు. కళ్ళు పచ్చబడితే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.) బీ, సీ సంగతి వేరు. ఇవి రక్తం ద్వారా, లైంగిక సంబంధం వల్ల, తల్లి నుంచి బిడ్డకు సోకుతాయి. చాలామందికి అసలు కామెర్లే కనిపించవు. కనిపించినా, కళ్ళ పసుపు పోయాక కూడా వైరస్ ఒంట్లోనే ఉండిపోవచ్చు. ఏ బాధా లేకుండా ఇరవై, ముప్పై ఏళ్ళు గడిచిపోతాయి. కడుపులో నీరు చేరినప్పుడో, రక్తం కక్కుకున్నప్పుడో బయటపడితే, అప్పటికే కాలేయం గట్టిపడి ఉంటుంది. కొందరిలో క్యాన్సర్ కూడా మొదలై ఉంటుంది. అందుకే "పసరుతో తగ్గిపోయింది సార్, ఇంక టెస్టు ఎందుకు" అంటే నాకు టెన్షన్‌గా ఉంటుంది. బీకి హెచ్‌బీఎస్ఏజీ, సీకి యాంటీ హెచ్‌సీవీ అని రెండు రక్త పరీక్షలు ఉన్నాయి, చేయించుకోండి. పిల్లలకు వాతలు మాత్రం పెట్టించకండి.

అపోహ: బీ, సీ వస్తే ఇంక మందు లేదు.

సీ నయమవుతుంది. చాలామందికి 12 వారాలు మాత్రలు వాడితే చాలు, 95 శాతం మందికి పైగా వైరస్ పూర్తిగా పోతుంది. 2018 జులై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. బీని మందులతో అదుపులో పెట్టవచ్చు, టీకాతో రాకుండానే ఆపవచ్చు. పుట్టినప్పుడు సోకితే 90 శాతం మంది పిల్లల్లో అది దీర్ఘకాలం ఉండిపోతుంది. అందుకే మొదటి టీకా 24 గంటల్లోపే పడాలి. మంచిరోజు కోసం ఆగకండి.

అపోహ: హెచ్ఐవీ మాత్ర హెచ్ఐవీకే పనిచేస్తుంది.

హెచ్ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రాల్లో ఎక్కువమందికి ఇచ్చే ఒకే మాత్రలో మూడు మందులుంటాయి: టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్. మొదటి రెండూ హెపటైటిస్ బీని కూడా అణచిపెడతాయి. రెండు వైరస్‌లూ ఉన్నవాళ్ళు మాత్ర ఆపేస్తే బీ ఒక్కసారిగా విజృంభించి కాలేయాన్ని దెబ్బతీయవచ్చు. మన పశ్చిమ మండలాల నుంచి గుంటూరు వైపు మిరపకోతకు, సుగ్గికి (కూలి పనుల వలసకు) పోయేవాళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. పోయే ముందే ఏఆర్‌టీ కేంద్రంలో చెప్పండి, సరిపడా మాత్రలు ఇస్తారు, లేదా అక్కడి కేంద్రంలో తీసుకునే ఏర్పాటు చేస్తారు. వేరే డాక్టరు మందు మారుస్తానంటే బీ ఉన్న సంగతి ముందే చెప్పండి.

అపోహ: కలిసి తింటే, దోమ కుడితే హెచ్ఐవీ వస్తుంది.

రాదు. మాత్రలు సరిగ్గా వాడి, పరీక్షలో వైరస్ కనిపించనంతగా తగ్గి, అలాగే నిలిచినవాళ్ళ నుంచి లైంగికంగా కూడా సోకదు. అయినా ఒకే ఇంట్లో మనిషికి గ్లాసు వేరు పెట్టడం చూస్తుంటే మనసు కలుక్కుమంటుంది. కలిసి తింటే బీ కూడా రాదు. కానీ రక్తం తగిలే చోట హెచ్ఐవీ కంటే అది 50 నుంచి 100 రెట్లు సులభంగా సోకుతుంది. ఒంటి బయట కనీసం 7 రోజులు బతుకుతుంది. క్షవరానికి కొత్త బ్లేడు అడగండి. జాతరలో ఒకే సూదితో అందరికీ పొడిచే పచ్చబొట్టు వద్దు.

అపోహ: పరిశోధనకు రక్తమిస్తే పేరు బయటపడుతుంది.

ట్యూబు మీద కోడ్ నంబరే ఉంటుంది. ప్రతి అధ్యయనానికీ, పాల్గొనేవాళ్ళకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. మధ్యలో మానుకున్నా మీ వైద్యం ఆగదు. ఒకరి హెచ్ఐవీ సంగతి వాళ్ళ అనుమతి లేకుండా బయటపెట్టడాన్ని 2017 నాటి చట్టం నిషేధించింది. సమ్మతి పత్రం మీకు అర్థమయ్యే తెలుగులో చదివి వినిపించకుండా ఎవరు సంతకం అడిగినా పెట్టకండి. హెచ్ఐవీ సందేహాలకు 1097కు ఫోన్ చేయండి, ఉచితం.