గల్లాపెట్టెలో డబ్బు మనది కాదు

తెనాలి

చిట్టితల్లికి, బుజ్జిగాడికి,

తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ మేం క్షేమం. నానమ్మకి మోకాళ్ల నొప్పి మామూలే, నోరు మాత్రం బాగానే ఉంది.

చిట్టితల్లీ, మొన్న ఫోన్లో నువ్వన్న మాట ఇంకా బుర్రలో తిరుగుతోంది. "ముప్ఫై ఎనిమిది వేల జీతం తాతయ్యా, ఇరవయ్యో తేదీకల్లా ఎటు పోతున్నాయో తెలీట్లేదు" అన్నావు. డబ్బు చాలకపోవడం చాలామందికి తప్పదు. ఎటు పోయిందో తెలియకపోవడం మాత్రం కిరాణా కొట్టు ఇంట్లో పుట్టినవాళ్లకి నామోషీ.

మన కొట్టు బాగా నడిచిన రోజుల్లో రోజుకు పదివేల అమ్మకం ఉండేది. చూసేవాళ్లు పదివేలు సంపాదిస్తున్నాడనుకునేవాళ్లు. అందులో తొమ్మిదివేలు టోకు వర్తకుడికి పోయేవే. అద్దె, కరెంటు, గుమాస్తా జీతం, ఎలకలు కొట్టిన బస్తా, ఇవన్నీ పోను ఇంటికి తెచ్చుకునేది నాలుగైదు వందలు. మా నాన్న గల్లాపెట్టె మీద చెయ్యేసి అంటుండేవాడు: "ఇందులో ఉన్నది మనది కాదురా, మన దగ్గరుంది అంతే." నీ ముప్ఫై ఎనిమిది వేలూ అలాంటివే. అది అమ్మకం, లాభం కాదు.

మా నాన్న దగ్గర ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగాటి చిట్టా ఉండేది. ఏ రోజు లెక్క ఆ రోజు రాసే పుస్తకం. ఎడమ పక్క జమ, కుడి పక్క ఖర్చు, పైన నిన్నటి నిల్వ, కింద ఇవాళ్టి నిల్వ. రాత్రి గల్లాలో రొక్కం లెక్కపెడితే ఆ కింది అంకెతో సరిపోవాలి. నాకు పదేళ్లప్పుడు ఒక రాత్రి మూడు రూపాయల పావలా తేడా వచ్చింది. అమ్మ రెండుసార్లు అన్నానికి పిలిచింది. ఆయన లేవలేదు. కూడికలు మళ్లీ వేశాడు, పైసలు మళ్లీ పేర్చాడు. చివరికి గుమ్మంలో నిలబడ్డ నన్ను చూసి తల కొట్టుకున్నాడు. పొద్దున నా స్కూలు ఫీజుకి తనే గల్లాలోంచి తీసిచ్చి, రాయడం మర్చిపోయాడు. "సొంత వాడకం 3.25" అని రాసి, కింద గీత గీసి, అప్పుడు కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. పోయిన డబ్బేమీ తిరిగి రాలేదు, ఎటు పోయిందో తెలిసిందంతే. ఆయనకి అది చాలు.

అన్నీ ఫోన్లోనే ఉంటాయి కదా అంటావు. ఉంటాయి. ఎవరికి పోయిందో ఫోన్ చెబుతుంది, ఎందుకు పోయిందో చెప్పదు. పడుకోబోయే ముందు రెండు నిమిషాలు నువ్వే రాయి. వారానికోసారి వాటిని పద్దులవారీగా విడదీయి. కొట్లో దాన్ని ఆవర్జా అనేవాళ్లం. అన్నట్టు, ఆర్డరు పెట్టి తెప్పించుకున్న బిర్యానీని "తిండి" కింద కలిపేయకు, దానికి విడిగా పద్దు పెట్టు. తినొద్దనడం లేదు, విడిగా రాయమంటున్నానంతే.

తరుగు, అంటే వాడేకొద్దీ వస్తువు విలువ అరిగిపోవడం, ఆ సంగతి మీ నాన్నకే ఇప్పటికీ ఎక్కలేదు. నీ ఫోను 27,000 అన్నావు. మూడేళ్లు వస్తుందనుకో. ముప్ఫై ఆరు నెలలు, అంటే నెలకు 750 చొప్పున అది అరుగుతోంది. కొనేసిన వస్తువుకి ఇంకా ఖర్చేంటి అనుకుంటాం. కొట్లో కాటా అరిగినా, ఫ్రిజ్ పాడైనా కొత్తది కొనాల్సింది మనమే కదా. ఆ 750 ఇప్పటినుంచే పక్కన పడితే వచ్చే ఫోను ఈఎంఐ లేకుండా వస్తుంది.

వడ్డీ దగ్గర మాత్రం మన పాత లెక్కే మంచిది. మన వైపు రూపాయి వడ్డీ అంటే నూటికి నెలకు రూపాయి, ఏడాదికి 12 శాతం. మూడు రూపాయల వడ్డీకి అప్పు చేశాడంటే ఊళ్లో జాలిగా చూసేవాళ్లు. నీ క్రెడిట్ కార్డు కాగితం తీసి చూడు. చాలా కార్డులకి బాకీ మీద నెలకు మూడు, మూడున్నర శాతం ఉంటుంది. కాగితం మీద శాతం అని రాస్తే మర్యాదగానే కనిపిస్తుంది. అది మూడున్నర రూపాయల వడ్డీ! పైగా "మినిమమ్ డ్యూ", అంటే ఆ నెలకి కనీసం కట్టమని అడిగే కాస్త మొత్తం, కట్టేసి ఊరుకుంటే, ఆ తర్వాత కొన్నవాటికి కూడా మామూలుగా ఉండే వడ్డీ లేని గడువు పోతుంది. మొత్తం కట్టగలిగితేనే గీకు.

ఇవన్నీ తెలిసినవాడినే నేనూ తప్పు చేశాను. మీ అత్త పెళ్లికి చేతిలో ఉన్నది చాలక కొట్టు పెట్టుబడిలోంచి లక్షన్నర తీశాను. "సొంత వాడకం" అని చిట్టాలో కూడా రాయలేదు, రాస్తే కంటికి కనిపిస్తుందని. పెళ్లి ఘనంగా జరిగింది. రెండు నెలలకి అరలు బోసిపోయాయి. కందిపప్పు లేదంటే వచ్చినవాళ్లు ఎదురుకొట్టుకి పోయి, సబ్బులూ నూనే కూడా అక్కడే కొనుక్కునేవాళ్లు. చివరికి అదే లక్షన్నర రెండు రూపాయల వడ్డీకి తెచ్చి సరుకు నింపాను. నెలకు మూడువేలు వడ్డీ. అసలంతా ఒక్కసారే తీర్చాను, దానికి ఇరవై నెలలు పట్టింది. అంటే 60,000 ఊరికే పోయాయి. ఆ అంకె మీ అత్తకి ఇప్పటికీ తెలీదు, చెప్పకండి.

బుజ్జీ, నీకింకా జీతం లేదు కాబట్టి నానమ్మని చూసి నేర్చుకో. బియ్యం డబ్బా లోపల బొగ్గుతో ఒక గీత ఉంటుంది. బియ్యం ఆ గీత దిగితేనే కొత్త బస్తా. ఆఫర్ ఉందన్నా అంతకుముందు కొననివ్వదు, పురుగు పడుతుందని. గీత దిగాక ఒక్కరోజు ఆలస్యమైతే మాత్రం నా పని అయిపోయినట్టే. కొట్లో నేనూ సరుకు అలాగే తెప్పించేవాణ్ణి, ఆవిడ దగ్గర నేర్చుకున్నానని మాత్రం ఎప్పుడూ ఒప్పుకోలేదు. నీ పాకెట్ మనీకి కూడా అలాంటి గీత ఒకటి పెట్టుకో. రెండు వందలు దిగితే నెలాఖరు దాకా సినిమా లేదు.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. లెక్కల పిచ్చి పట్టి ఇంటిని కొట్టు చేసేయకండి. కొట్టుకి అరువు బేరగాడు వస్తే పాత బాకీ అడుగుతాం. ఇంటికి చుట్టం వస్తే అడుగుతామా? నానమ్మ మందుల ఖర్చుని మా నాన్న బతికుండగా నష్టం పద్దులో రాశానని ఆయన నాతో రెండ్రోజులు మాట్లాడలేదు. ఆ పద్దు కొట్టేసి "ఇల్లు" అని రాస్తేనే ఊరుకున్నాడు.

బస్సులో గోంగూర పచ్చడి సీసాలు రెండు, ఒక ఎర్ర అట్ట పుస్తకం పంపుతున్నాను. మొదటి పేజీకి నానమ్మ పసుపు పెట్టింది. పార్సిల్‌కి నూట ఇరవై అయింది. అది నా చిట్టాలో రాసుకున్నాను, నువ్వు రాయకు. సీసాలు తిరిగి పంపేటప్పుడు అయ్యేది మాత్రం నీ ఖర్చే.

మీ తాతయ్య