పిన్ చేస్తే కాపీ అవదండీ: డ్రైవ్‌లు, ఫోల్డర్ల మీద అపోహలు - వాస్తవాలు

డాబాగార్డెన్స్‌లో మా సర్వీస్ షాపుకి "ఫైళ్లు పోయాయండీ" అని కంగారుగా వచ్చేవాళ్లలో చాలామంది హార్డ్‌డిస్క్ బాగానే ఉంటుంది. వైరస్సూ ఉండదు. డ్రైవ్‌లు చేతికి అందేలా, విండోస్‌లో ఫైళ్లు చూసుకునే ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌ని సర్దుకోబోయి ఎక్కడో పొరబడి ఉంటారు. ఎక్కువ కొంప ముంచేది మాత్రం ఇదే.

అపోహ: ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఎడమపక్క ఉండే క్విక్ యాక్సెస్ జాబితాలో ఫోల్డర్‌ని పిన్ చేస్తే (అంటే తగిలిస్తే) అక్కడ ఇంకో కాపీ ఉంటుంది.

వాస్తవం: ఉండదు. డీ డ్రైవ్‌లో ఎక్కడో లోపలున్న ఫోల్డర్‌ని పిన్ చేస్తే ఎడమపక్క దాని పేరు కనబడుతుంది, అంతే. ఒకే గదికి రెండో గుమ్మం పెట్టినట్టు. ఎటు నుంచి వెళ్లి సామాను పారేసినా ఖాళీ అయ్యేది ఆ గదే.

మొన్న వేసవిలో గాజువాక నుంచి ఒక పెద్దావిడ లాప్‌టాప్ పట్టుకుని వచ్చారు. సింహాచలంలో మనవడి అన్నప్రాశన ఫొటోల ఫోల్డర్‌ని, అమ్మకి సులువుగా ఉంటుందని, కొడుకు పిన్ చేసి వెళ్లాడు. డిస్క్ నిండిందని మెసేజ్ రాగానే ఈవిడ ఎడమపక్క దాన్ని తెరిచి, అన్నీ సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టారు. డీ డ్రైవ్‌లో చూస్తే అక్కడా ఖాళీ. "ఏటి బాబూ, నేను తీసింది రెండోదే కదా!" అంటూ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అదృష్టం, రీసైకిల్ బిన్ ఖాళీ చేయలేదు. రిస్టోర్ కొడితే అన్నీ వచ్చేశాయి. దానికి డబ్బులేం తీసుకుంటాం? మర్నాడు మాడుగుల హల్వా పంపించారు, అది మాత్రం వద్దనలేదు.

అదే పెన్‌డ్రైవ్ అయితే ఆ అదృష్టం ఉండేది కాదు. దాంట్లో డిలీట్ చేసినవి రీసైకిల్ బిన్‌కి రావు. షిఫ్ట్ నొక్కి డిలీట్ చేసినా అంతే. ఎస్‌ఎస్‌డీలో బిన్ కూడా ఖాళీ చేశారా, ఇక ఆశ చాలా తక్కువ; డిలీట్ చేసిన జాగాని దానంతటదే శుభ్రం చేసే ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల అంతా తుడిచిపెట్టుకుపోతుంది. పాత హార్డ్‌డిస్క్ అయితే కొంత నయం, ఆ డ్రైవ్‌లో కొత్తగా ఏమీ సేవ్ చేయకుండా వెంటనే ఆపేస్తే.

పిన్ చేసింది వద్దనుకుంటే రైట్ క్లిక్ చేసి అన్‌పిన్ నొక్కండి. ఫోల్డర్ ఎక్కడిదక్కడే ఉంటుంది.

డెస్క్‌టాప్ షార్ట్‌కట్ కథా ఇదే. పిల్లలు ప్రాజెక్ట్ ఫైలుకి బదులు దాని షార్ట్‌కట్‌ని పెన్‌డ్రైవ్‌లోకి లాగేసి, మద్దిలపాలెంలో ప్రింటు తీయించుకోబోతే అది తెరుచుకోదు. ఐకాన్ మూల చిన్న బాణం గుర్తుండి, సైజు ఒకటి రెండు కేబీలే ఉంటే మీ దగ్గరున్నది షార్ట్‌కట్టే.

అపోహ: డ్రైవ్ లెటర్ (సీ, డీ లాంటి అక్షరం) మారిస్తే డేటా పోతుంది.

పోదు. కానీ అకౌంట్స్ చూసేవాళ్లకి టెన్షన్ మొదలవుతుంది: డీ కాస్తా 'ఈ' (E) అయితే లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ పాత దారిలోనే వెతుకుతుంది, అందులో కంపెనీ కనబడదు. లెటర్ మళ్లీ డీ చేస్తే వచ్చేస్తుంది. ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌కి పెట్టినప్పుడల్లా వేరే లెటర్ వస్తుంటే విండోస్‌లోనే ఉండే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఎక్స్ (X) లాంటి చివరి అక్షరం ఇచ్చేయండి, ఆ కంప్యూటర్‌లో అదే ఉంటుంది. సీ జోలికి మాత్రం వెళ్లొద్దు.

అపోహ: సీలో ఉన్నది డీలో కూడా పెట్టుకున్నాం, బ్యాకప్ ఉన్నట్టే. ఒకే డిస్క్‌ని రెండు ముక్కలు చేసిన లాప్‌టాప్‌లో అది బ్యాకప్ ఎలా అవుతుందండీ? డిస్క్ పోతే రెండూ పోతాయి. విడిగా ఉండే ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో పెట్టండి.

కీబోర్డు మీద విండోస్ బటన్, 'E' బటన్ కలిపి నొక్కగానే డ్రైవ్‌లే కనబడాలంటే రిజిస్ట్రీని కెలకాలని ఎవరో వీడియో పెట్టారట. అక్కర్లేదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ఫోల్డర్ ఆప్షన్స్‌లో మొదటి వరసలోనే 'దిస్ పీసీ' ఎంచుకోవచ్చు. కార్డు రీడర్ కనబడకపోతే పాడైందనుకోకండి, అక్కడే వ్యూ ట్యాబ్‌లో ఖాళీ డ్రైవ్‌లను దాచే టిక్ తీసేసి చూడండి.

డ్రైవ్ పెట్టగానే ఫార్మాట్ చేయమని అడిగితే మాత్రం క్యాన్సెల్ కొట్టండి. వేరే కేబుల్‌తో, వేరే కంప్యూటర్‌లో పెట్టి చూడండి. అక్కడా అదే అడిగితే, లోపల కావాల్సినవి ఉంటే, ఇంకేమీ నొక్కకుండా డేటా రికవరీ తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.