ముఖద్వార క్యాన్సర్‌కు కీహోల్ సర్జరీ: 2018లో ఏం తేలింది?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ల్యాపరోస్కోపీ, రోబో ఆపరేషన్లు (పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి చేసేవి) చేయొచ్చా అన్న వాదన మళ్లీ రాజుకుంది. కనీసం చిన్న గడ్డలకైనా చేయనివ్వాలని కొందరు సర్జన్లు అడుగుతున్నారు. ఈ గొడవ అర్థం కావాలంటే ల్యాపరోస్కోపీ పుట్టుక దాకా వెళ్లక్కర్లేదు. 2018 నవంబరు చాలు.

ఆ నెల న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ల్యాక్ ట్రయల్ ఫలితాలు వచ్చాయి. తొలి దశలో ఉన్న 631 మందిని లాటరీ తీసినట్టు రెండుగా విడదీశారు. 312 మందికి పొట్ట కోసి చేసే ఆపరేషన్, 319 మందికి చిన్న రంధ్రాల పద్ధతి. కొత్తది పాతదానికి తీసిపోదని చూపించాలన్నది ఉద్దేశం. కానీ పొట్ట కోసిన వారిలో 7గురికి క్యాన్సర్ తిరగబెడితే, రెండో వైపు 27 మందికి తిరగబెట్టింది. మరణాలు ఇటు 3, అటు 19. ఈ తేడా చూసి భద్రతా కమిటీ ట్రయల్‌ను మధ్యలోనే ఆపించింది.

అప్పటిదాకా అంత ధీమా ఎక్కడిది? గర్భాశయం లోపలి పొర క్యాన్సర్ నుంచి వచ్చింది. అక్కడ దాదాపు 2,600 మందితో చేసిన అమెరికా ట్రయల్‌లో ఏ పద్ధతైనా ఐదేళ్ల తర్వాత బతికున్నవారు 90 శాతం దాకా ఉన్నారు. అవయవం ఒకటే కదా, ముఖద్వారానికీ పనికొస్తుందనుకున్నారు. నా లెక్కలో అసలు పొరపాటు ఇదే. లోపలి పొర గడ్డకు చుట్టూ గర్భాశయం గోడ ఉంటుంది. ముఖద్వారం గడ్డ యోనిలోకి తెరుచుకుని ఉంటుంది. గర్భాశయాన్ని పైకి ఎత్తి పట్టడానికి మానిప్యులేటర్ అనే కడ్డీని యోనిలోంచి, సరిగ్గా ఆ గడ్డ మీదుగానే, లోపలికి దూరుస్తారు. తర్వాత, గ్యాస్‌తో ఉబ్బించిన పొట్టలోకి యోనిని చుట్టూ కోసి తెరుస్తారు. అప్పుడు క్యాన్సర్ కణాలు లోపలికి చిందుతాయన్నది బలమైన అనుమానం. రుజువు ఇంకా కావాలి.

ట్రయల్‌లోని సర్జన్లకు అనుభవం చాలలేదన్నది అవతలి వాదన. అయితే అదే సంచికలో అచ్చయిన మరో అధ్యయనం 2,461 మంది అమెరికన్ రోగుల రికార్డులు తిరగేసింది. నాలుగేళ్లలో మరణాలు చిన్న కోతలతో 9.1 శాతం, పెద్ద కోతతో 5.3 శాతం. సర్జన్ల చేయి తిరగలేదన్న ఒక్క మాటతో ఇది కొట్టుకుపోదు.

మళ్లీ అనుమతి అడిగేవారు చూపించేది యూరప్‌లోని సక్కర్ అధ్యయనం. మానిప్యులేటర్ వాడని చోట, గడ్డ బయటపడకుండా యోనిని ముందే కుట్టేసిన చోట ఫలితాలు మెరుగ్గా ఉన్నాయని అది చెప్పింది. ఆశ కలిగించే మాటే, కానీ అది పాత రికార్డులు చూసి తేల్చింది. లాటరీ వేసి పోల్చింది కాదు.

ఇంతకీ చిన్న కోతలకు చెప్పే పెద్ద కారణం రోగి త్వరగా కోలుకుంటుందన్నది. ల్యాక్ బృందం దాన్నీ కొలిచింది. ఆపరేషనైన ఆరు వారాలకు, మళ్లీ మూడు నెలలకు రోగులనే అడిగి చూస్తే, రోజువారీ బతుకులో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.