నెల్లూరు మూలాలు, స్టాన్‌ఫర్డ్ కోర్టులు: అమెరికా కాలేజీ టెన్నిస్‌పై అపోహలు - వాస్తవాలు

2025 జనవరి 13, భోగి. మధ్యాహ్నం భోజనాలయ్యాక టీవీ ముందు కూర్చున్నాను. సాయంత్రం పాపకు భోగిపళ్లు పోయాలి, రేగుపళ్లు తెమ్మని ఇంట్లో రెండుసార్లు చెప్పారు. నేను కదల్లేదు. మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియన్ ఓపెన్ మొదటి రౌండ్, 24 గ్రాండ్‌స్లామ్‌ల జొకోవిచ్ దగ్గర పందొమ్మిదేళ్ల నిశేష్ బసవరెడ్డి మొదటి సెట్ 6-4తో లాగేసుకున్నాడు. తర్వాత 6-3, 6-4, 6-2తో జొకోవిచ్ గెలిచాడనుకోండి. మ్యాచ్ సాగేకొద్దీ కుర్రాడి కాళ్లు బరువెక్కడం కనిపిస్తూనే ఉంది. కానీ ఆ మొదటి సెట్ చాలు, మా వాట్సాప్ గ్రూపులన్నీ దద్దరిల్లిపోయాయి.

హైదరాబాద్‌లో పదహారేళ్లుగా పిల్లలకు టెన్నిస్ నేర్పుతున్నాను. పండగ సెలవులు అయ్యీ కాకముందే ఒక నాన్నగారు కొడుకుని వెంటబెట్టుకుని వచ్చారు. "సార్, మన నెల్లూరోళ్ల అబ్బాయే కదా! మావాణ్ణి కూడా బడి మాన్పించేద్దామా?" అన్నారు. పిల్లాడికి పన్నెండేళ్లు. చేతిలో రాకెట్ గటింగ్ (తీగల అల్లిక) పీచులు లేచి ఉంది.

ఆయన్ను కూర్చోబెట్టి అప్పుడు చెప్పినవీ, ఆ తర్వాత వచ్చినవాళ్లకు చెప్పినవీ ఇవి.

అపోహ: ఒక్క మ్యాచ్‌తో స్టార్ అయిపోయాడు.

నిశేష్ అమ్మానాన్నలు 1999లో నెల్లూరు నుంచి అమెరికా వెళ్లారు. కుర్రాడు కాలిఫోర్నియాలో పుట్టాడు, ఇండియానా రాష్ట్రంలోని కార్మెల్‌లో పెరిగాడు. డబుల్స్‌లో పెద్ద పేరున్న రాజీవ్ రామ్ ఊరు కూడా అదే. ఆయనా కాలేజీ ఆటగాడే, 2003లో జాతీయ టైటిల్ గెలిచిన ఇల్లినాయ్ జట్టులో ఉన్నాడు. అలాంటి మనిషి ఊళ్లోనే ఉంటే, పక్క కోర్టులో ఆయన బంతి ఎలా కొడతాడో చూస్తూ పెరగొచ్చు. మన దగ్గర చాలామంది పిల్లలకు దొరకనిది అదే. మంచి కోచ్‌లు మన దగ్గరా ఉన్నారు. పైస్థాయిలో ఆడినవాడు రోజూ కళ్ల ముందు తిరగడం వేరు.

2022లో యూఎస్ ఓపెన్ బాలుర డబుల్స్ గెలిచాడు. తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో చేరి రెండేళ్లు కాలేజీ జట్టుకు ఆడాడు. 2024 మొదట్లో అతని ర్యాంకు 400 అవతల ఉంది. ఆ ఏడాదంతా చాలెంజర్ టోర్నీలు ఆడాడు. చాలెంజర్ అంటే టీవీలో కనిపించే పెద్ద టూర్‌కు ఒక మెట్టు కింద. గ్యాలరీలో వందమంది ఉంటే గొప్ప. అమెరికాలోని టిబురాన్‌లో, మెక్సికోలోని పుయెర్టో వయార్టాలో టైటిళ్లు కొట్టాడు. ఆ ఫలితాల పుణ్యమే ఆస్ట్రేలియన్ ఓపెన్ వైల్డ్ కార్డ్, అంటే ర్యాంకు చాలకపోయినా దొరికే నేరు ప్రవేశం. చాలెంజర్లలో ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్న అమెరికన్‌కు వాళ్ల సమాఖ్య ఇచ్చే చోటు అది, ఎవరి సిఫారసుతోనో వచ్చింది కాదు. ప్రొఫెషనల్‌గా మారుతున్నట్టు ప్రకటించింది 2024 డిసెంబరులో. జనవరిలో ఆక్లండ్ టోర్నీలో సెమీస్ దాకా వెళ్లి మోన్‌ఫిస్ చేతిలో ఓడాడు. జొకోవిచ్ మ్యాచ్ ఆ తర్వాతి వారం.

మనం టీవీ పెట్టింది ఆ ఒక్క రోజు. అందుకే ఒక్క రోజులో జరిగినట్టు అనిపిస్తుంది.

అపోహ: ప్రొఫెషనల్‌గా పనికిరానివాళ్లే కాలేజీకి వెళ్తారు.

ఈ మాట నేనూ ఒకప్పుడు అన్నాను. దాని సంగతి కింద చెప్తాను.

తర్వాత ప్రపంచ నంబర్ వన్లయిన జిమ్మీ కానర్స్ 1971లో, జాన్ మెకన్రో 1978లో కాలేజీ జాతీయ సింగిల్స్ చాంపియన్లు. మెకన్రో అయితే వింబుల్డన్ సెమీస్ ఆడి వచ్చాక స్టాన్‌ఫర్డ్‌లో చేరాడు! మధ్యలో కొన్నాళ్లు, పద్దెనిమిదేళ్లకే టూర్‌లోకి దూకకపోతే ఇక అంతే అన్న గాలి వీచింది. ఇప్పుడు మళ్లీ తిరిగింది. కామెరాన్ నోరీ, డేనియెల్ కాలిన్స్, ఎమ్మా నవారో, అందరూ కాలేజీ కోర్టుల నుంచి వచ్చినవాళ్లే. 2025 షాంఘై మాస్టర్స్ (గ్రాండ్‌స్లామ్‌ల తర్వాతి స్థాయి టోర్నీ) ఫైనల్ చూశారా? వషరో, రిండెర్‌నెక్, ఇద్దరూ చుట్టాలు, ఇద్దరూ టెక్సస్ ఎ అండ్ ఎం జట్టులో ఆడినవాళ్లు. క్వాలిఫయింగ్ (ప్రధాన టోర్నీకి ముందు అర్హత పోటీలు) నుంచి వచ్చిన వషరో టైటిల్ ఎగరేసుకుపోయాడు.

అన్నిటికంటే నాకు నచ్చేది బెన్ షెల్టన్ కథ. చిన్నప్పుడు అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చి, టెన్నిస్ గట్టిగా పట్టుకుంది పన్నెండేళ్ల వయసు అటూ ఇటూగా. తండ్రి బ్రయాన్ షెల్టన్ ఒకప్పటి టూర్ ఆటగాడు, ఫ్లోరిడా యూనివర్సిటీ కోచ్. కొడుకు ఆ జట్టులోనే చేరాడు. 2021లో జట్టుకు జాతీయ టైటిల్ తెచ్చిన చివరి పాయింటు బెన్‌దే. 2022లో సింగిల్స్ చాంపియన్. అదే జులైలో అట్లాంటాలో టూర్ స్థాయిలో తొలి గెలుపు, అదీ మన రామ్‌కుమార్ రామనాథన్ మీద. ఆగస్టులో సిన్సినాటిలో అప్పటి ఐదో ర్యాంకర్ కాస్పర్ రూడ్‌ను 6-3, 6-3తో ఓడించాడు. అప్పటిదాకా అమెరికా దాటని కుర్రాడు 2023 జనవరిలో ఆస్ట్రేలియా వెళ్లి క్వార్టర్స్ ఆడాడు.

కాలేజీలో ఏం దొరుకుతుంది అంటారా? ఒక మ్యాచ్ దగ్గరగా చూద్దాం. ముందు మూడు కోర్టుల్లో డబుల్స్, ఒక్కొక్కటీ ఒక్క సెట్. రెండు గెలిచిన జట్టుకు ఒక పాయింటు. తర్వాత ఆరు కోర్టుల్లో ఒకేసారి సింగిల్స్, ఒక్కో గెలుపుకు ఒక పాయింటు. ముందు నాలుగు పాయింట్లు ఎవరికొస్తే వాళ్లదే మ్యాచ్. గేమ్‌లో 40-40 అయితే అడ్వాంటేజ్ లేదు, ఒకే పాయింటుతో తేలిపోవాలి. కాలేజీ ఆటలో పైస్థాయి అయిన మొదటి డివిజన్‌లో, పురుషులకు సర్వ్ నెట్‌కు తగిలి లోపల పడితే లెట్ (మళ్లీ సర్వ్) కూడా లేదు, ఆడాల్సిందే. పక్క కోర్టులో మనవాడు సెట్ గెలిచి కేక పెడతాడు. వెనక ప్రత్యర్థి కాలేజీ పిల్లలు మీ పేరు పెట్టి గోల చేస్తుంటారు. స్కోరు 3-3, మిగిలింది మీ కోర్టే, మూడో సెట్, 40-40, సెకండ్ సర్వ్. జట్టంతా మీ వెనక కంచె పట్టుకుని నిలబడి ఉంది. ఏ అకాడమీలో ఎంత ఫీజు కట్టినా ఈ పరిస్థితి కొనలేం. ఓడినా మర్నాడు మెస్‌లో అన్నం ఉంటుంది, ఫిజియో ఉంటాడు, జిమ్ ఉంటుంది, రాకెట్లు గటింగ్ వేసేవాడుంటాడు. ఓడుతూ నేర్చుకునే ఆ రెండుమూడేళ్ల ఖర్చు చాలావరకు కాలేజీ నెత్తిన వేసుకుంటుంది. కాలేజీ టెన్నిస్ అసలు విలువ అక్కడుందని నా నమ్మకం. కోచింగ్ సంగతి ఆ తర్వాతే.

అపోహ: స్కాలర్‌షిప్ వస్తే మొత్తం ఫ్రీ.

మగపిల్లల తల్లిదండ్రులు ఇది రెండుసార్లు చదవండి. ఎన్నో ఏళ్లపాటు మొదటి డివిజన్ పురుషుల జట్టు మొత్తానికి కలిపి ఉన్నవి నాలుగున్నర స్కాలర్‌షిప్‌లు. జట్టులో ఎనిమిది, పది మంది. కోచ్ వాటిని ముక్కలు చేసి పంచేవాడు. ఒకడికి ఎనభై శాతం, ఇంకొకడికి పాతిక శాతం. మహిళల జట్లకు ఎనిమిది పూర్తి స్కాలర్‌షిప్‌లు ఉండేవి, అందుకే అమ్మాయిలకు దారి కొంచెం విశాలం. 2025-26 నుంచి లెక్క మారింది. కొత్త పద్ధతికి ఒప్పుకున్న కాలేజీలకు స్కాలర్‌షిప్ పరిమితి పోయి జట్టులో ఇంతమందే అన్న పరిమితి వచ్చింది, టెన్నిస్‌కు పది. ఇవ్వొచ్చు అంటే ఇస్తారని కాదు. ఆ డబ్బు ముందు ఫుట్‌బాల్‌కు, బాస్కెట్‌బాల్‌కు పోతుంది, మిగిలితే మనకు. ఏజెంట్ "ఫుల్ రైడ్ (మొత్తం ఖర్చు కాలేజీదే) గ్యారంటీ" అంటే కాలేజీ ఇచ్చిన కాగితం చూపించమనండి.

అపోహ: ఆట బాగుంటే మార్కులు ఎవడు అడుగుతాడు?

అడుగుతారు. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా పదహారు ప్రధాన సబ్జెక్టుల లెక్క తీస్తారు. బడి మాన్పించేద్దామన్న ఆ నాన్నగారితో నేను మొట్టమొదట చెప్పింది ఇదే. బడి మానేస్తే టూర్ తలుపు తెరుచుకుంటుందో లేదో గానీ, కాలేజీ తలుపు మూసుకుపోవడం మాత్రం ఖాయం.

అపోహ: ప్రొఫెషనల్ టోర్నీ ఆడితే కాలేజీకి అనర్హులు.

ఆడొచ్చు. నిశేష్, షెల్టన్ ఇద్దరూ కాలేజీలో ఉండగానే ఆడారు. ప్రైజ్‌మనీ విషయంలోనే నిబంధనలున్నాయి, ఖర్చులకు మించి జేబులో వేసుకోవడానికి చాన్నాళ్లు ఒప్పుకోలేదు. దీని మీద 2024లో ఒక కాలేజీ క్రీడాకారిణి కోర్టుకు కూడా వెళ్లింది. కాబట్టి ప్రతి టోర్నీ రసీదులూ దాచండి. ఇంటర్ అయ్యాక ఏళ్ల తరబడి ఆలస్యం చేసినా ఆడే అర్హత తరిగిపోతుంది. ఆలస్యం చేస్తే దారి ఎలా మూసుకుపోతుందో నేను కళ్లారా చూశాను.

2014 ప్రాంతంలో నా దగ్గర ఒక కుర్రాడు ఉండేవాడు. ఎడమచేతివాటం, ఫోర్‌హ్యాండ్ కొడితే మార్కర్లు (కోర్టులో ప్రాక్టీసు ఆడించేవాళ్లు) కూడా వెనక్కి జరిగేవారు. అమెరికాలో ఒక కోచ్ నుంచి ఈమెయిల్ వచ్చింది. వాళ్ల నాన్న ఆ ప్రింటవుట్ పట్టుకుని నా దగ్గరకొచ్చారు. "కాలేజీ అంటే ఆట అయిపోయినట్టే. రెండేళ్లు ఫ్యూచర్స్ ఆడిద్దాం" అన్నాను. ఫ్యూచర్స్ అంటే ప్రొఫెషనల్ ఆటలో అట్టడుగు టోర్నీలు. ఎంత ధీమాగా అన్నానో ఇప్పటికీ గుర్తుంది. వాడు రైళ్లలో ఊళ్లు తిరిగాడు, లాడ్జిలో ముగ్గురు ఒక గదిలో పడుకున్నారు, ఖర్చు మిగుల్చుకోవడానికి తెగిన గట్ తనే మార్చుకునేవాడు. ఏడాదిన్నరలో ఒకే ఒక్క ఏటీపీ (ప్రపంచ ర్యాంకింగ్) పాయింటు. వెన్నునొప్పి మొదలయ్యాక ఆ ఈమెయిల్ తీసి మళ్లీ రాస్తే, అక్కడి జట్టు నిండిపోయింది. ఇప్పుడు బ్యాంకులో ఉద్యోగం చేస్తున్నాడు. కనిపిస్తే కాళ్లకు దండం పెట్టబోతాడు. నేనే పక్కకు జరుగుతాను.

అపోహ: అది అమెరికాలో పుట్టినవాళ్లకే, మన పిల్లలకు కాదు.

ఉయ్యూరులో పుట్టి విశాఖలో పెరిగిన సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీకి ఆడాడు. 2014 ఏషియన్ గేమ్స్‌లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం, హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో రామ్‌కుమార్‌తో పురుషుల డబుల్స్ రజతం. సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వర్జీనియా తరఫున 2007, 2008లో వరసగా జాతీయ సింగిల్స్ చాంపియన్, 2007 ఫైనల్లో ఓడించింది జాన్ ఇస్నర్‌ను. దారి ఎప్పటినుంచో ఉంది. మనకే తెలియలేదు, నాతో సహా.

అపోహ: వెళ్తే నాలుగేళ్లూ ఉండాల్సిందే.

ఇస్నర్ నాలుగేళ్లు ఉన్నాడు. షెల్టన్, నిశేష్ రెండేళ్లు. ఇంకో అమెరికన్ కుర్రాడు లర్నర్ టియెన్ ఒక్క సెమిస్టర్‌తో బయటికొచ్చాడు. బ్రెజిల్ కుర్రాడు ఫొన్సెకా వర్జీనియాకు మాటిచ్చి చేరకుండానే టూర్‌కు వెళ్లిపోయాడు. ఎవరి ఆట ఎప్పుడు పండుతుందో దాన్నిబట్టే.

అపోహ: టాప్ 100లోకి వస్తే ఇక ఢోకా లేదు.

2025 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మొదటి రౌండ్‌లో ఓడినవాడికి 1,32,000 ఆస్ట్రేలియన్ డాలర్లు. అట్టడుగున ఉండే 15 వేల డాలర్ల టోర్నీలో మొదటి రౌండ్‌లో ఓడితే 200 అమెరికన్ డాలర్లు కూడా రావు. టాప్ 100 అనే గీత మీద అంత పోరు అందుకే. ర్యాంకు కాస్త జారితే గ్రాండ్‌స్లామ్‌లో క్వాలిఫయింగ్ నుంచి మొదలెట్టాలి. పాయింట్లు ఏడాది తిరిగేసరికి రాలిపోతాయి, కిందటేడు గెలిచినది ఈ ఏడు మళ్లీ గెలవాలి. 2023 ఆస్ట్రేలియా క్వార్టర్స్ తర్వాత షెల్టన్ నెలల తరబడి మొదటి, రెండో రౌండ్లలోనే ఇంటిదారి పట్టాడు. ఆ జూన్‌లో తండ్రి యూనివర్సిటీ ఉద్యోగం వదిలి పూర్తిగా కొడుకు వెంట వచ్చాడు. సెప్టెంబరులో యూఎస్ ఓపెన్ సెమీస్, గంటకు 149 మైళ్ల వేగంతో సర్వ్‌లు. 2025 ఆగస్టులో టొరంటోలో మాస్టర్స్ టైటిల్. అదే నెలాఖర్లో యూఎస్ ఓపెన్‌లో భుజం పట్టేసి మ్యాచ్ మధ్యలోనే వదిలేశాడు. నిశేష్ ముందున్నదీ ఇలాంటి రోడ్డే, గతుకులతో సహా.

ఆ నాన్నగారు ఇదంతా ఓపిగ్గా విని, చివరికి "అయితే ఇప్పుడేం చేద్దాం సార్?" అన్నారు. ముందు ఆ రాకెట్‌కు గటింగ్ వేయించమన్నాను. పిల్లాడి లెక్కల పరీక్ష ఎప్పుడో అడిగాను. ఆయనకు తెలియలేదు. వాడే చెప్పాడు, గురువారం అని.